వంతకు వదిలిన చోటు

ఫోను ఎత్తగానే "అక్కా, ఏ మైకు కొనమంటావు?" అని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. పని మానేశానని చెప్పినా వదలరు. "మీ ఇంటి వెనక ఏముంది?" అని నేను తిరిగి అడుగుతాను. "మైకు సంగతి అడిగితే ఇంటి సంగతి అడుగుతావేంది?" అంటారు. ఇంటి సంగతే అడగాలి నాయనా. మైకు రేపు మార్చుకోవచ్చు. ఇల్లు మార్చుకునే స్తోమతే ఉంటే నువ్వు నాకు ఫోను చేయవు.

డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివాను. నెల్లూరులో ఒక సౌండు సామాన్ల దుకాణంలో కొన్నేళ్ళు పనిచేసి, తర్వాత సొంతంగా ఇళ్ళలో చిన్న రికార్డింగ్ గదులు పెట్టించడం వృత్తిగా చేసుకున్నాను. స్టూడియో అనగానే అద్దాల గదులు ఊహించుకోకండి. ఒక గది, ఒక మైకు, ఒక రికార్డరు, చెవులకు ఒక జత హెడ్‌ఫోన్లు, అంతే. నా దగ్గరికి వచ్చినవాళ్ళంతా అంతకు మించి కొనలేనివాళ్ళే. పాఠాలు చెప్పే మాస్టర్లు, చర్చిలో పాడే అక్కచెల్లెళ్ళు, ఆటో ప్రచారానికి గొంతు ఇచ్చే ఆడవాళ్ళు, గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసుకుంటూ తీరిక వేళల్లో ఖవ్వాలీ పాడే అన్నదమ్ములు.

యాభై దాటీ దాటకుండానే మానేశాను. కారణం దాచిపెట్టే అలవాటు నాకు లేదు. ఎడమ చెవి పోయింది. కంచం మీద చెంచా పడితే చివర్లో సన్నగా సాగే మోత నాకు అందడం లేదు. ఏళ్ళ తరబడి హెడ్‌ఫోన్లలో గట్టిగా వినడం వల్లనే అని డాక్టరు అన్నాడు. వినపడని చెవితో ఇంకొకరి గొంతుకు తీర్పు చెప్పడం మోసం. అందుకే దండం పెట్టి బయటికి వచ్చాను. ఈ పనిలోకి వస్తున్న పిల్లలూ, ముందుగా ఈ ఒక్క మాట వినండి: శబ్దం తగ్గించుకుని పని చేయండి. మీ చెవి కంటే ఖరీదైన సామాను మీ జీవితంలో కొనలేరు.

దుకాణంలో అన్నీ బాగుంటాయి

నేను పనిచేసిన దుకాణం యజమాని మస్తాన్ గారు. ఊరంతా ఆయన్ని మస్తాన్ భాయ్ అనేది. రేడియోలు బాగుచేసే కుటుంబం నుంచి వచ్చిన మనిషి. నోరు తెరిస్తే వ్యాపారం, మూస్తే లెక్కలు.

బిట్రగుంటలో పాత రైల్వే క్వార్టర్సులో ఉండే ఒక లెక్కల మాస్టారు మా దగ్గర కండెన్సర్ మైకు కొన్నాడు. ఇంట్లోనే పాఠాలు రికార్డు చేసి పిల్లలకు పంపాలని ఆయన ఆశ. వారం తిరక్కుండా మైకు సంచిలో వేసుకుని వచ్చి కౌంటరు మీద కొట్టాడు.

"మీరు నాకు మైకు అమ్మినారా, గూడ్సు బండి అమ్మినారా? త్రిభుజం గీసేలోపల బండి వస్తా ఉండాది. పక్కింటామె పప్పు తాలింపు కూడా నా పాఠంలో వినిపిస్తా ఉండాది!"

మస్తాన్ భాయ్ మైకు అటూ ఇటూ తిప్పి చూసి తాపీగా అన్నాడు. "మైకు నాది మాస్టారూ. బండి మీది. తాలింపు పక్కింటామెది. నేను నా దానికే జవాబు చెప్పగలను."

మాస్టారు వెళ్ళిపోయాక నా వైపు తిరిగి, "దుకాణంలో అన్ని మైకులూ బాగుంటాయమ్మా. ఇంటికి పోయినాక కదా వాటి గుణం తెలిసేది" అన్నాడు.

నాకు అర్థమైంది మీకూ చెబుతాను. కండెన్సర్ మైకు చెవి పెద్దది. గొంతులోని తడి కూడా పట్టుకుంటుంది, వీధిలోని కుక్కను కూడా పట్టుకుంటుంది. డైనమిక్ మైకు మొద్దుది. నోటికి దగ్గరగా పెట్టుకుంటే తప్ప ఏమీ వినదు. అద్దాల గది ఉన్నవాడికి మొదటిది. మనకు రెండోదే. చవకగా వస్తుందని కాదు, మన ఇళ్ళు అలాంటివి కాబట్టి.

ఈ తేడా మస్తాన్ భాయ్‌కి నాకంటే బాగా తెలుసు. అయినా గొప్ప కోసం అడిగేవాడికి గొప్ప మైకే అమ్మేవాడు. "ఆయన ఇంట్లో అది పనికిరాదు భాయ్" అని నేను కొనేవాళ్ళ ముందే అనేదాన్ని. "మనిషి గర్వపడతా ఉంటే నువ్వెందుకమ్మా మధ్యలో అడ్డం పడతావు?" అని ఆయన వాదన. ఆ వాదన తెగకే బయటికి వచ్చేశాను. విద్య నేర్పినవాడు మంచివాడై ఉండాలనే నియమం లేదు. ఆయన మంచివాడు కాదు. నేర్చుకున్నదంతా ఆయన దగ్గరే.

కొనే వరస

ముందు గది చూసుకోండి. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి. చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చి మోగితే ఆ గదిలో ఎంత గొప్ప మైకు పెట్టినా పాట బావిలో నుంచి వచ్చినట్టే ఉంటుంది. చప్పుడు చేతుల్లోనే చచ్చిపోతే అది మీ గది. బట్టల బీరువా, పాత బూరుగుదూది పరుపులు, దుప్పట్లు మీకు మేలు చేస్తాయి. కోడిగుడ్ల అట్టలు గోడలకు అతికించే పిచ్చి మానేయండి. వాటివల్ల ఆగేది శబ్దం కాదు, బల్లులు తిరగడం. అదీ సరిగ్గా ఆగదు.

తర్వాత హెడ్‌ఫోన్లు. మైకు కంటే ముందు. వినలేనివాడు ఏం రికార్డు చేస్తాడు? తర్వాత మైకు, దాన్ని కదలకుండా పట్టుకునే గట్టి స్టాండు, ఒకటికి రెండు తీగలు. చివరగా రికార్డరు. కంప్యూటరు లేకపోతే దిగులుపడకండి. దాని ఫ్యాను మోత వదిలింది, ఒక బాధ తప్పింది.

సముద్రం దగ్గర ఉండేవాళ్ళకు ఇంకో మాట. మీ అసలు శత్రువు ఉప్పుగాలి. మైకు జాలి కింద తుప్పు చేరితే ఒకరోజు చిటపటలు మొదలవుతాయి. అవి ఆగవు. గాలి చొరబడని స్టీలు డబ్బాలో, తేమ పీల్చే పొట్లాలు వేసి దాచండి. బియ్యంలో పెట్టమని చెప్పేవాళ్ళుంటారు. బియ్యం పిండి లోపలికి పోయి పాడైన మైకులను నేను చేతులారా విప్పి చూశాను.

ఇవన్నీ ఎవరైనా చెప్పగలరు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. అది చెప్పాలంటే పెంచలయ్య సంగతి చెప్పాలి.

పెంచలయ్య గది

కృష్ణపట్నం పోర్టుకు పోయే రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగితే వచ్చే పల్లె. ఒకవైపు వరి, ఇంకోవైపు రొయ్యల గుంటలు. పెంచలయ్య అక్కడి రైతు, ఊరి చెక్కభజన జట్టుకు గురువు. తొమ్మిదిమంది జట్టంతా చెక్కలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ ఆడుతుంది. గురువు ఒక చరణం అంటాడు. జట్టు అందుకుని వంత పాడుతుంది. వంత ముగిశాక గురువు తర్వాతి చరణం ఎత్తుకుంటాడు. పాటల్లో చాలావరకు ఆయన కట్టినవే. అవి ఆయన నోట్లో తప్ప ఎక్కడా లేవు.

నన్ను పిలిచింది ఆయన అల్లుడు సుధాకర్. గూడూరు టౌనులో పెరిగిన కుర్రాడు, పోర్టులో క్రేను నడుపుతాడు. "మామకు గొంతులో గడ్డ మేడం. మద్రాసులో చూపించినాం. స్వరపేటిక మొత్తం తీసేయాలంట. ఆ తర్వాత మాట రాదంట" అన్నాడు.

నేను వెళ్ళేసరికి పెంచలయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గొంతు అప్పటికే బొంగురుపోయింది. అయినా కూర్చోమని చెప్పడంలోనే తాళం వినిపించింది.

"అమ్మా, నా ప్రాణం సంగతి డాక్టరు చూసుకుంటాడు. జట్టు సంగతి నువ్వు చూడు. నా గొంతు పోయినా జట్టు ఆగకూడదు. నేను నిలబడే చోట ఒక స్పీకరు పెడతారు. అది చరణం అంటది. వీళ్ళు వంత అంటారు. నేను పక్కన చెక్కలు వాయిస్తా. అట్టా కుదురుతుందా, కుదరదా?"

"కుదురుతుంది" అన్నాను.

ఆయన భార్య రవణమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తూ, "ఆ స్పీకరుకు పంచె కూడా కడతాడంట మేడం" అంది.

"కడతా. నీకంటే అదే నా మాట వింటది" అన్నాడాయన. ఇద్దరూ నవ్వారు. నవ్వు దగ్గుగా మారింది. రవణమ్మ ఆయన వీపు రుద్దుతూ మొహం పక్కకు తిప్పుకుంది.

ఇల్లంతా తిరిగి చప్పట్లు కొట్టాను. ముందు గదిలో కొత్తగా పరిచిన పలకలకు చప్పుడు గంటలా మోగింది. వరండాలో, రొయ్యలకు గాలి అందేలా గుంటల్లో నీళ్ళను చిలికే కరెంటు చక్రాల హోరు. చివరికి వెనక గది తలుపు తీశాను. మూడువైపులా కప్పుదాకా వడ్ల బస్తాలు. మధ్యలో మనిషి కూర్చునేంత చోటు. చప్పట్లు కొడితే చప్పుడు అక్కడికక్కడే ఆగిపోయింది. నా వృత్తిలో అంతకంటే మంచి గది నేను చూడలేదు.

సుధాకర్‌కు నా ఎంపిక నచ్చలేదు. వీడియోల్లో చూసిన కండెన్సర్ మైకు కావాలన్నాడు.

"అందరూ అదే వాడుతున్నారు మేడం."

"అందరి ఇళ్ళ వెనకా రొయ్యల గుంటలు ఉన్నాయా?"

"మామ చివరిసారి పాడతా ఉండాడు. తక్కువది కొన్నామని నాకు బాధ ఉండకూడదు కదా."

ఆ మాటకు మెత్తబడాల్సింది. నేను మెత్తబడను. "నీ బాధ తీరడానికి కాదు కొనేది, ఆయన పాట నిలవడానికి" అన్నాను. డైనమిక్ మైకు తీసుకున్నాం. బ్యాటరీతో నడిచే రికార్డరు తీసుకున్నాం. పొలాలకు కరెంటు వస్తే చుట్టూ మోటార్లు మొదలవుతాయి, గుంటల్లో చక్రాలు తిరుగుతాయి. కరెంటు పోతే ఊరు నిశ్శబ్దం అవుతుంది. కాబట్టి కరెంటు పోయినప్పుడే పాట. కరెంటు కోతను దేవుడిచ్చిన వరం అనుకున్న ఇల్లు జిల్లాలో అదొక్కటే అయి ఉంటుంది.

మైకు నోటికి జానెడు దూరంలో ఎలా పెట్టాలో, మీటరు ఎక్కడి దాకా లేస్తే చాలో సుధాకర్‌కు నేర్పాను. అసలు రికార్డింగును ఎప్పుడూ ముట్టుకోవద్దని, నకలు తీసి దాని మీదే పని చేయాలని చెప్పాను. తల ఊపాడు. తల ఊపేవాళ్ళను నమ్మకండి. తిరిగి చెప్పించుకోండి.

ఒక చిక్కు మాత్రం పాట మొదలుపెట్టాకే తెలిసింది. వంత లేకుండా పెంచలయ్య పాడలేకపోయాడు. చరణం అని ఆగుతాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఎంతసేపు ఆగాలో తెలియక తడబడతాడు. చివరికి జట్టులో పెద్దవాడు చెంగయ్యను గదిలోకి పిలిచాం. ఆయన బస్తాల మధ్య ఎదురుగా నిలబడి, చప్పుడు చేయకుండా పెదవులతోనే వంత పాడేవాడు.

"కాలవ గట్టున కాళ్ళు కడిగితివా రామా" అని పెంచలయ్య అనేవాడు. ఎదురుగా చెంగయ్య పెదవులు మాత్రం కదిలేవి. ఆ మౌనం అంతటా పెంచలయ్య ఆయన మొహంలోకే చూస్తూ, అరచేతిని తొడ మీద ఆనించి తాళం లెక్కపెట్టుకునేవాడు. దగ్గు వస్తే ఆ ఖాళీలోనే దగ్గేవాడు. మళ్ళీ చరణం వేళకు గొంతు సిద్ధం. నోరు తెరిచి పాడే వంతలు ఎన్నో రికార్డు చేశాను. ఆ మూగ వంత దగ్గర నిలబడినట్టు ఎక్కడా నిలబడలేదు.

బస్తాలు

సగం పాటలు అయ్యాయి. ఒకరోజు వెళ్ళేసరికి వెనక గది ఖాళీ. నేల ఊడ్చి ఉంది. మూలల్లో నాలుగు వడ్ల గింజలు.

"బస్తాలేవి?" అని అరిచాను.

"అమ్మేసినా" అంది రవణమ్మ.

"ఇంకొన్ని రోజులు ఆగలేకపోయావా? సగం పాటలు ఒకలాగా, సగం ఒకలాగా ఉంటాయి. ఎంత చెప్పాను!"

రవణమ్మ చీపురు గోడకు ఆనించి నా ముందుకు వచ్చి నిలబడింది. "ఆస్పత్రోళ్ళు ఆపరేషను ముందుకు జరిపినారు మేడం. వచ్చే వారమే రమ్మన్నారు. నీకూ ఆ బస్తాలే కావాలి, ఆయన కోతకూ ఆ బస్తాలే కావాలి. ఏది ముందో నువ్వే చెప్పు. చదువుకున్నదానివి కదా."

నాతో వాదించి గెలిచినవాళ్ళు తక్కువ. నేను బయటికి వెళ్ళి జట్టువాళ్ళ ఇళ్ళలో దుప్పట్లు, బొంతలు అడిగాను. గదిలో అడ్డంగా తాళ్ళు కట్టి వాటిని వేలాడదీశాం. బస్తాలంత కుదరలేదు. గొంతు వెనక కొంచెం గది వినిపించింది. పెంచలయ్య రోజుకు ఒకటీ రెండూ పాడుతూ, ఊరు వదిలే ముందు నాటికి తనకు తెలిసినవన్నీ పూర్తిచేశాడు. ఆఖరి పాట అయ్యాక రికార్డరు వైపు చూసి, "చాలా? ఇంకేమన్నా అనాలా?" అని అడిగాడు. "చాలు" అన్నాను. ఆయన గొంతుతో నాతో అన్న చివరి మాట అదే. ఇంకేమైనా అనమని అడగాల్సింది.

ఖాళీలు తీసేసే బటన్

ఆపరేషను అయింది. పెంచలయ్య ఇంటికి వచ్చాడు. మెడ దగ్గర చేసిన రంధ్రంతో ఊపిరి, దానికి అడ్డంగా పలచటి తెల్లటి గుడ్డ. సుధాకర్ పాటలన్నీ పెన్‌డ్రైవులో వేసుకుని నెల్లూరులో మా ఇంటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అన్నీ శుభ్రం చేసినా మేడం. వినండి."

విన్నాను. కాలవ గట్టున కాళ్ళు కడిగితివా రామా, దాని తోకకే రెండో చరణం, దాని తోకకే మూడోది. మనిషి ఊపిరి తీసుకోకుండా పాడుతున్నట్టుంది. ఎవరో వెనక తరుముతున్నట్టుంది.

"వంత చోట్లు ఏవి?" అన్నాను.

"ఏ చోట్లు?"

"చరణానికీ చరణానికీ మధ్య ఖాళీ. చెంగయ్య పెదవులు కదిపిన చోటు."

"అవా? వాటిల్లో అంతా దగ్గే కదా మేడం. అత్త చెప్పింది. 'నాయనా, మీ మామ దగ్గు ఊరంతా వినకూడదు, తీసెయ్యి' అని. దగ్గులు చేత్తో తీసినా. మిగిలిన నిశ్శబ్దాలకు ఆ సాఫ్ట్‌వేర్‌లో బటన్ ఉంది. ఒక్కసారి నొక్కితే అన్ని పాటల్లో ఖాళీలు అదే తీసేస్తది."

"అసలువి?"

"అదే పేరుతో సేవ్ చేసినా. రికార్డరులో కార్డు కూడా నిండింది కదా, తుడిచేసి..." అని ఆగాడు. నా మొహం చూసి అతనికి అప్పుడు అర్థమైంది. కుర్చీలో కూర్చుండిపోయాడు. "మామ స్పీకరు పెట్టమన్నది... జట్టు ఇప్పుడు వంత ఎక్కడ పాడాలి మేడం?"

అతన్ని తిట్టలేకపోయాను. తిట్టడానికి నాకు ఒకరి అనుమతి అక్కర్లేదు, అయినా తిట్టలేకపోయాను. భార్య ఆయన దగ్గును దాచిపెట్టాలనుకుంది. అల్లుడు ఆ గొంతును శుభ్రంగా నిలపాలనుకున్నాడు. ఇద్దరి ప్రేమా కలిసి ఆయన చెప్పిన ఒక్క పనినీ పాడుచేసింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పాలనుకున్నది ఇదే. ఏ సామాను కొన్నా అది ఏం చేయగలదని అడుగుతాం. మనం చెప్పకుండా తనంతట తాను ఏం చేస్తుందని అడగం. తనే శబ్దం తగ్గిస్తానంటుంది, తనే మెరుగుపెడతానంటుంది, తనే ఖాళీలు తీస్తానంటుంది. దానికి నిశ్శబ్దం అంటే ఏమీ లేకపోవడం. పెంచలయ్యకు నిశ్శబ్దం అంటే తొమ్మిదిమంది నిలబడే చోటు.

చెయ్యి

మళ్ళీ ఖాళీలు పెట్టవచ్చు. చరణాలు ఉన్నాయి. మధ్యలో కత్తిరించి దూరం జరిపితే చాలు. ఎంత దూరం అన్నదే ప్రశ్న. కంప్యూటరు తీసుకుని పల్లెకు వెళ్ళాను. జట్టును అడిగాను.

"మొదటి చరణానికి వంత రెండుసార్లు" అన్నాడు చెంగయ్య.

"ఒక్కసారే గదా!" అన్నాడు ఇంకొకాయన.

"నువ్వు ఎప్పుడన్నా తాళంలో ఉంటే కదా తెలిసేది."

"నేను తాళంలో లేకపోతే నిన్నెవుడు మోసినాడు ఇన్నాళ్ళూ?"

చెక్కలతో కొట్టుకునేదాకా వచ్చారు. అప్పుడు తెలిసింది, వాళ్ళెవరికీ ఖచ్చితంగా తెలియదు. ఎన్నిసార్లు, ఎంతసేపు అనేది ప్రతిసారీ పెంచలయ్య కళ్ళతో చెప్పేవాడు. ఆట ఊపు మీద ఉంటే పొడిగించేవాడు. వాళ్ళు ఆయన కళ్ళు చూసి పాడేవాళ్ళు.

ఆయనే వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. కోపం లేదు. సుధాకర్ తల మీద ఒకసారి చెయ్యి వేశాడు. తర్వాత ఆ చెయ్యి పైకెత్తాడు.

నేను చరణం వినిపించి ఆపాను. చెయ్యి పైనే ఉంది. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఇప్పుడు ఆయన వంత పాడుతున్నాడు, చప్పుడు లేకుండా. చెయ్యి దించాడు. అక్కడ రెండో చరణం పెట్టాను. మళ్ళీ చెయ్యి లేచింది. ఈసారి ఎక్కువసేపు. రెండుసార్లన్నమాట. "చూసినావా?" అన్నాడు చెంగయ్య వెనక నుంచి. "ఆ చరణానికి నేను కాదన్నానా?" అన్నాడు ఇంకొకాయన.

అలా కొన్ని పాటలు బాగుచేశాం. ఒక్కో పాటకూ చాలా సమయం పట్టేది. ఆయన త్వరగా అలిసిపోయేవాడు. చెయ్యి వణికితే రవణమ్మ వచ్చి మోచేతి కింద దిండు పెట్టేది. ఆమె నాతో మాట్లాడడం మానేసింది. ఒకసారి మాత్రం నీళ్ళు ఇస్తూ, "దగ్గు ఉంచితే ఏమయ్యేది? ఆయన దగ్గే కదా" అంది. ఆ మాట నాతో అన్నదో, తనతో అన్నదో తెలియదు.

తర్వాత గడ్డ మళ్ళీ వచ్చింది. ఈసారి ఊపిరితిత్తుల్లో. నేను వెళ్ళినప్పుడు మంచం మీదే ఉండేవాడు. చెయ్యి ఎత్తేవాడు, కళ్ళు మూతపడేవి. చెయ్యి ఎందుకు అంతసేపు పైనే ఉందో, వంత ఇంకా సాగుతోందో, ఆయన నిద్రపోయాడో తెలిసేది కాదు. ఒక పాటలో అలాంటి ఖాళీ ఒకటి ఉండిపోయింది. జట్టు వంత ముగించి ఎదురుచూడాలి. నేను దాన్ని సరిచేయలేదు.

సగానికి పైగా పాటలు ముట్టుకోకుండానే ఆయన పోయాడు.

కర్మంతరం రోజు

కర్మంతరానికి జట్టు వచ్చింది. ఇంటి ముందు స్పీకరు పెట్టారు. దానికి పంచె కట్టలేదు. సుధాకర్ ఫోను తీగ కలిపాడు. నేను పక్కన కూర్చున్నాను.

బాగుచేసిన పాటలు ముందు వచ్చాయి. స్పీకరు చరణం అంటే జట్టు వంత అందుకుంది. చెక్కలు మోగాయి. ముసలివాళ్ళు లేచి అడుగు వేశారు. ఆ ఒక్క పొడుగు ఖాళీ దగ్గర తప్ప, వంత ముగియగానే సరిగ్గా ఆయన గొంతు అందుకునేది. మొదటిసారి అలా అందుకున్నప్పుడు చెంగయ్య అడుగు తడబడి, మళ్ళీ కలిసింది. పెంచలయ్య అడిగినట్టే జరుగుతోంది. ఇదొక్కటే అయి ఉంటే ఈ వ్యాసం నేను ఇంకోలా రాసేదాన్ని.

ఆ పాటలు అయిపోయాయి. ఫోను తనంతట తాను తర్వాతిది ఎత్తుకుంది. ముట్టుకోని పాట.

చరణం వచ్చింది. జట్టు వంత అందుకుంది. మొదటి మాట నోట్లో ఉండగానే రెండో చరణం వచ్చింది. వాళ్ళు ఆగి దాన్ని అందుకోబోయారు. మూడోది వచ్చింది. చెక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకాయన గట్టిగా పాడి గొంతును ఆపబోయాడు. అది ఆగలేదు. ఒక్కొక్కరే నోరు మూశారు. చెక్కలు చేతుల్లో ఉండిపోయాయి.

"ఆపు సుధాకరూ, ఆపయ్యా" అన్నాడు చెంగయ్య.

సుధాకర్ ఫోను మీదికి వంగాడు.

"ఆపమాక" అంది రవణమ్మ. గుమ్మంలో కూర్చుని ఉంది. "పోనీ."

సుధాకర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెంచలయ్య గొంతు వాళ్ళ మధ్య నుంచి, ఎవరి కోసమూ నిలవకుండా, చివరి చరణం దాకా పోయింది.